నలభై ఒకటో పేజీ

సెరోవే మేజిస్ట్రేటు కోర్టులో దుబాసీని నేను.
పదిహేడేళ్ళుగా ఒకరి మాట నోట పట్టుకొచ్చి
ఇంకొకరి చెవిలో పోస్తున్నాను.
నా ఉద్యోగానికి కుర్చీ లేదు. నిలబడే చోటుంది,
బోనుకీ బెంచీకీ మధ్య, అరిగిన గచ్చు మీద.

ఆ రోజు బోనులో ముసలి కెబొనాంగ్.
ఒంటికొమ్ము ఎర్రావు గురించి తగువు.
కరువొచ్చిన ఏడు దాన్ని ఒలెబిలె దొడ్డికి తోలాడు.
మఫీసా అంటాం మేము:
ఆవు నాది, పాలు నీవి,
దూడ నాది, దుక్కి నీది,
అడిగిన రోజున తోలుకొస్తావు.
రాతకోతలుండవు. అడిగితే తప్పు పట్టుకుంటారు.

ఒలెబిలె పోయాడు.
కొడుక్కి ఆ ఒప్పందం గుర్తులేదు,
దూడల లెక్క మాత్రం గుర్తుంది. తొమ్మిది.

మొదట ఖోట్లాలో కూర్చున్నారు,
ఎవరి పీట వాళ్ళు తెచ్చుకుని, పెద్దాయన చుట్టూ.
అక్కడ వకీలుకి చోటు లేదు. నాకూ పని లేదు,
తిట్టుకున్నా అందరిదీ ఒకటే భాష.
తీర్పు దగ్గరపడేసరికి కొడుకు
నాకు వకీలు కావాలన్నాడు. అది అతని హక్కు.
కేసు లేచి, దుమ్ము దులుపుకుని,
రోడ్డు దాటి మా కోర్టుకొచ్చింది.
ఇక్కడ రాసుకునేది ఇంగ్లీషులో.

ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ.
ఫ్యాను తిరగడం లేదు. ఎడమ బూటు కరుస్తోంది.
ముసలాయన అన్నాడు: మఫీసాకి ఇచ్చాను.
నేనన్నాను: ఇచ్చేశాడట.

ఇచ్చాడు. ఇచ్చేశాడు.
తేడా ఒక్క అక్షరం.
ఆవు ఆ సందులోంచి వెళ్ళిపోయింది.

మేజిస్ట్రేటు రాసుకుంది.
మర్నాటికి టైపయింది, మూడు కాపీలు.

కింది మెట్టు మీద మనిషి మాట్లాడతాడు,
దగ్గుతాడు, చేత్తో దూడ ఎత్తు చూపిస్తాడు.
పై మెట్టుకి గొంతు ఎక్కదు.
కాగితమే ఎక్కుతుంది.
ఫ్రాన్సిస్‌టౌన్ హైకోర్టులో కెబొనాంగ్
టోపీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు.
ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు.
నలభై ఒకటో పేజీలో ఆయనే ఒప్పుకున్నాడు కదా, అన్నారు.
ఆయన పక్కవాణ్ణి అడిగాడట,
ఎవరు బాబూ ఆ ఒప్పుకున్నాయన?

ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు,
గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడు.
మధ్యలో నిలబడ్డది ఎక్కడ ఏడవాలో
సామెతలో లేదు.
రెండు పేజీల ప్రమాణపత్రం రాసిచ్చాను:
ఆ మాట ఆయనది కాదు, నాది.

గాబొరోన్ అపీలు కోర్టు.
దాని మీద ఇక కోర్టు లేదు, కప్పే.
సెలవు పెట్టి, రాత్రి బస్సులో వెళ్ళాను.
ముగ్గురు జడ్జీలు. ఇంత ఆలస్యంగా వచ్చిన కాగితాన్ని
గడప లోపలికి రానివ్వచ్చా లేదా
అన్నదానికే పూటంతా పట్టింది.
అందరిలోకీ పెద్దాయన కళ్ళద్దాలు తీసి
మఫీసా అంటే నాకు తెలుసు, అన్నాడు.
మా నాన్నవి నలభై పశువులు అలాగే ఊళ్ళ మీద ఉండేవి.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
కానీ నాకు తెలిసింది రికార్డులో లేదు, అన్నాడు.
కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

నెలకి తీర్పొచ్చింది. గెలుపూ కాదు, ఓటమీ కాదు:
కిందికి పంపండి, మొదటినుంచి వినండి,
వేరే మేజిస్ట్రేటు, వేరే దుబాసీ.

నాలుగేళ్ళెక్కిన మెట్లు ఒక్క వాక్యంలో దిగి
కేసు మళ్ళీ సెరోవే వచ్చింది.
ఎర్రావు అప్పటికే చచ్చిపోయింది.

నేను వెనక బెంచీలో కూర్చున్నాను,
ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు.
నా గచ్చు మీద కొత్తమ్మాయి, బొయిట్షెపో.
ముసలాయన అదే మాట అన్నాడు, ఈసారి నెమ్మదిగా,
చెవిటివాళ్ళకి చెప్పినట్టు.
ఆ పిల్ల నోరు తెరిచి, మూసింది.
అమ్మా, అంది మేజిస్ట్రేటుతో,
ఈ మాటకి అవతల మాట లేదు.
ఉన్నదున్నట్టు రాసుకుంటారా?
టైపిస్టు కోసం ఒక్కో అక్షరమే విడదీసి చెప్పింది.

తీర్పు ఇంకా రాలేదు.
దూడలు ఇప్పుడు పద్నాలుగు.